గాలే బ్రేకు... గాలే చీపురు!

ఐదొందల కిలోమీటర్ల ఎత్తున గాలి ఉంటుందా? ఉండీ లేనట్టు ఉంటుంది. ఆ లేనట్టున్న గాలిని నమ్ముకునే ఇంజిన్లు లేని 88 ఉపగ్రహాలు ఆకాశంలో వరస కట్టాయి. పదిహేడేళ్లు తిరిగిన ఓ ఉపగ్రహం దాని చలవతోనే సముద్రం పాలైంది. శ్రీహరికోట నుంచి పైకి వెళ్లడం అందరూ చూస్తారు. వెళ్లినవి కిందికెలా వస్తాయన్నది వేరే కథ.

పల్నాటి కల్లాల్లో తూర్పారబట్టడం చూసినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చేటలో గింజల్ని పైకెత్తి గాలివాటున వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. తాలూ పొట్టూ దూరంగా కొట్టుకుపోతాయి. రెంటికీ తగిలింది ఒకే గాలి. తేడా అల్లా బరువులోనూ, ఆ బరువు గాలికి ఎంత వెడల్పుగా ఎదురు నిలిచిందన్నదాంట్లోనూ ఉంది. నూర్పిడి యంత్రాలొచ్చి చేటకి పని తగ్గించాయిగానీ ఈ సూత్రం మాత్రం అలాగే ఉంది.

నరసరావుపేటకు దాదాపు నేరుగా దక్షిణాన, సుమారు 280 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట ఉంది. 2017 ఫిబ్రవరి 15 ఉదయం 9 గంటల 28 నిమిషాలకు అక్కణ్నుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాల్ని మోసుకెళ్లింది. దేశమంతా ఆ అంకె చూసి అబ్బురపడింది. అందులో 88 అమెరికాకు చెందిన ప్లానెట్ కంపెనీవి. పేరు ‘డోవ్’, అంటే పావురం. ఒక్కోటీ ఐదు కిలోలకు మించదు. అడుగు పొడవు పెట్టె, దానికి రెక్కల్లా విచ్చుకునే సౌర ఫలకాలు, లోపలో కెమెరా... అంతే. కదలడానికి ఇంజిన్ లేదు, ఇంధనం లేదు.

ఇక్కడే చిక్కొచ్చింది. 88 పావురాలూ కొద్ది నిమిషాల తేడాతో ఒకేచోట రాకెట్‌ను వదిలాయి. అన్నీ గుంపుగా తిరిగితే అన్నీ ఒకే ఊరిని ఒకేసారి ఫొటో తీస్తాయి. మిగతా భూమి సంగతో? రోజూ భూమ్మీది నేలనంతటినీ ఫొటో తీయాలంటే అవి దండలో పూసల్లా కక్ష్య పొడవునా పరుచుకోవాలి. 505 కిలోమీటర్ల ఎత్తున ఒక చుట్టు పొడవు సుమారు 43 వేల కిలోమీటర్లు. 88 పూసల్ని సమంగా గుచ్చాలంటే ఒక్కోదాని మధ్య 490 కిలోమీటర్ల ఎడం రావాలి. ఇంజిన్ లేకుండా ఎవరు ముందుకు జరగాలి, ఎవరు వెనకుండాలి?

జవాబు కల్లంలో ఉంది. పావురం లోపలి చిన్న చక్రాల్ని తిప్పితే దాని మొహం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కొన్నిటిని రెక్కలు పూర్తిగా గాలికి ఎదురొడ్డేలా తిప్పారు. మరికొన్నిటిని పక్కకు తిప్పి, సన్నటి అంచు మాత్రం గాలికి తగిలేలా ఉంచారు. మొదటివి తాలు, రెండోవి గింజ. తాలుగా మారినవాటిని గాలి కాస్త ఎక్కువగా పట్టుకుంది. అవి మిగతావాటికన్నా కొంచెం కిందికి దిగాయి. ఎడం చాలనుకున్నాక వాటినీ పక్కకు తిప్పేశారు. అలా వారాలూ నెలలూ ఓపికపట్టి గుంపును దండగా గుచ్చారు.

బ్రేకేస్తే వేగం పెరిగింది!

అయితే కిందికి దిగినవి వెనకబడ్డాయా, ముందుకెళ్లాయా? బ్రేకు పడింది కాబట్టి వెనకబడాలి కదా అనిపిస్తుంది. కానీ ముందుకెళ్లాయి!

ఉపగ్రహం అంటే నిజానికి ఎప్పుడూ పడుతూనే ఉండే వస్తువు. పక్కకు పోయే వేగం ఉండటంతో నేలను తాకకుండా భూమి చుట్టూ పడుతూ తిరుగుతుంది. దానికి గాలి అడ్డుతగిలితే శక్తి కొంత పోతుంది. దాంతో అది కిందికి జారుతుంది. కొండమీంచి రాయి దొర్లినట్టు ఆ జారడంలోనే మళ్లీ వేగం వస్తుంది. లెక్క కూడా కచ్చితం: గాలి ఒక రూపాయి పట్టుకుపోతే, జారడం రెండు రూపాయలు తెచ్చిపెడుతుంది. చేతిలో ఒక రూపాయి మిగులు. 500 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం సెకనుకు 7.61 కిలోమీటర్లు పోతుంటే, 400 దగ్గర 7.67 పోతుంది. పైగా కింది కక్ష్య చుట్టు చిన్నది. నూర్పిళ్లలో బంతి కట్టినప్పుడు రాటకు దగ్గరగా ఉన్న ఎద్దు తిరిగేది చిన్న చుట్టే కదా. అలా వేగమూ ఎక్కువై, దారీ తగ్గడంతో 500 కిలోమీటర్ల ఎత్తున 94 నిమిషాలు దాటే చుట్టు, 400 దగ్గర 92 నిమిషాల చిల్లరలో పూర్తవుతుంది.

అందుకే పెద్దగా దిగనక్కర్లేదు. ఒక ఉపగ్రహం తోటిదానికన్నా ఒక్క కిలోమీటరు కిందుంటే చాలు, చుట్టుకు తొమ్మిది కిలోమీటర్ల చొప్పున ముందుకు జరుగుతుంది. రోజుకు పదిహేను చుట్లు. అంటే తెల్లారేసరికి 140 కిలోమీటర్లు ముందుంటుంది. చుక్క ఇంధనం ఖర్చవకుండా!

ఇంతకీ ఆ ఎత్తున గాలి ఎంత? నేల మీద ఘనపు మీటరు గాలి కిలోకు పైనే తూగుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తున అందులో లక్ష కోట్ల వంతు కూడా ఉండదు. ప్రయోగశాలల్లో కష్టపడి సృష్టించే శూన్యం చాలావరకు దీనిముందు చిక్కటి గాలే. కానీ గంటకు 27 వేల కిలోమీటర్ల వేగంతో రాత్రీ పగలూ ఆగకుండా దూసుకుపోయేవాడికి ఆ కాస్త గాలీ ఎదురుగాలే. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నెలకు సుమారు రెండు కిలోమీటర్లు కిందికి జారుతుంటుంది. అప్పుడప్పుడూ ఇంజిన్లు మండించి దాన్ని మళ్లీ పైకి తోస్తుంటారు.

స్కైలాబ్ నేర్పిన పాఠం

గాలి ఉపగ్రహాన్ని లాగేస్తుందన్న ముచ్చట తెలుగు పల్లెలకు భయం రూపంలోనే మొదట తెలిసింది. 1979 జులై నాటికి ఊహ తెలిసినవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు... ‘స్కైలాబ్ పడుతుందట’ అంటూ కోళ్లనీ మేకల్నీ కోసుకు తిన్నారని, ఉన్నది అమ్ముకుని ఖర్చుపెట్టారని, రాత్రిళ్లు ఆరుబయట ఆకాశం చూస్తూ కూర్చున్నారని. కరీంనగర్ ప్రాంతంలోని బండలింగంపల్లి నేపథ్యంగా 2021లో ‘స్కైలాబ్’ పేరుతోనే సినిమా వచ్చింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుందిగానీ ఆ భయం ఉత్తది కాదు. 1973లో అమెరికా పంపిన స్కైలాబ్ బరువు డెబ్భై టన్నులపైనే. అది పడాల్సిన కాలం కన్నా ముందే పడటానికి కారణం సూర్యుడు. సూర్యుడు ఉగ్రంగా ఉన్న ఏళ్లలో పై వాతావరణం వేడెక్కి పొంగుతుంది. పాలు పొంగినట్టే. కింద ఉండాల్సిన గాలి పైకొచ్చి ఉపగ్రహాలకు ఎక్కువగా అడ్డుతగులుతుంది. డెబ్భయ్యో దశకం చివర్లో సూర్యుడు అనుకున్నదానికన్నా ఉగ్రంగా మారాడు. స్కైలాబ్‌ని పైకి నెట్టడానికి పంపుదామనుకున్న స్పేస్ షటిల్ అప్పటికింకా ఎగరనేలేదు.

అప్పుడు నాసా ఇంజినీర్ల దగ్గర మిగిలిన ఆయుధం ఒక్కటే, గాలికి స్కైలాబ్ ఏ వైపు చూపించాలన్నది. ఒక వాటంలో పెడితే గాలి తక్కువ తగిలి పడటం ఆలస్యమవుతుంది. ఇంకో వాటంలో పెడితే తొందరపడుతుంది. ఆఖరి రోజు ఉత్తర అమెరికా మీద పడకుండా దాటించడానికి దాన్ని పిల్లిమొగ్గలు వేయించారు. ప్రమాదం అక్కడ తప్పింది. అయితే అనుకున్నదానికన్నా గట్టిగా నిలబడి ఆలస్యంగా విరగడంతో జులై 11న ముక్కలు కొన్ని హిందూ మహాసముద్రంలో, కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కడి ఎస్పెరెన్స్ అనే ఊరి పాలకమండలి, రోడ్డు మీద చెత్త వేసినందుకంటూ నాసాకి సరదాగా 400 డాలర్ల జరిమానా రాసింది.

2017లో పావురాలు వాడిన కిటుకు, 1979లో స్కైలాబ్‌తో వాడిందీ మూలంలో ఒకటే. అప్పుడది ప్రాణం మీదికొచ్చాక పట్టుకున్న గడ్డిపరక. ఇప్పుడు పథకంలో భాగం.

సూర్యుడు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకడే. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్ని మొదట 210 కిలోమీటర్ల దగ్గర వదిలింది. వాటంతటవి పైకి పోవాలి. మర్నాడే సౌర తుపాను తాకిడికి పై గాలి చిక్కబడింది. ఏకంగా 40 దాకా ఉపగ్రహాలు పైకెళ్లలేక రాలిపోయాయి.

తొమ్మిది రోజుల ఉపగ్రహం

ఇస్రోకు ఈ గాలి మొదట్లో శత్రువే. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 తీసుకెళ్లిన రోహిణి, భూమికి దగ్గరి కొస 305 కిలోమీటర్లు, దూరపు కొస 919 కిలోమీటర్లుగా ఉన్న కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో 20 నెలలు తిరిగింది. మరుసటి ఏడాది మే 31న వెళ్లిన రోహిణికి ఆ అదృష్టం లేదు. దగ్గరి కొస 186 కిలోమీటర్లకే ఆగిపోయింది. తొమ్మిదంటే తొమ్మిది రోజుల్లో గాలి దాన్ని మింగేసింది. 1983లో మూడోది 371 కిలోమీటర్లకు పైనే ఉండటంతో ఏడేళ్లు నిలిచింది. దగ్గరి కొస కాస్త ఎత్తులో ఉంటే ఆయుష్షు రోజుల నుంచి ఏళ్లకు పెరుగుతుంది. ఎంత ఎత్తుకు ఎంత ఆయుష్షో ఈ మూడు రోహిణుల్ని పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

2022 ఆగస్టు 7న చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో ఇదే దెబ్బ ఇంకా ఘోరంగా తగిలింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు వెళ్లాల్సిన ఉపగ్రహాలు, దగ్గరి కొస 76 కిలోమీటర్లున్న కక్ష్యలోకి చేరాయి. 76 అంటే చిక్కటి గాలి. దేశం నలుమూలలా ప్రభుత్వ బడుల్లోని 750 మంది ఆడపిల్లలు చెయ్యివేసిన ‘ఆజాదీశాట్’ కూడా దాంతోపాటే పోయింది. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో రెండో ప్రయోగం నెగ్గి ఆజాదీశాట్-2ను కక్ష్యలో పెట్టింది.

ఒకే రాకెట్... రెండు తిరుగు ప్రయాణాలు

శత్రువును పనివాడిగా మార్చుకున్న తీరు తెలియాలంటే 2007 జనవరి 10న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ7ని గుర్తుచేసుకోవాలి. అందులో రెండు ముఖ్యమైన ప్రయాణికులు. ఒకటి 680 కిలోల కార్టోశాట్-2, నేలను నిశితంగా ఫొటోలు తీసే ఉపగ్రహం. రెండోది 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1. దాని పనల్లా వెళ్లి క్షేమంగా తిరిగి రావడమే.

ఎస్‌ఆర్‌ఈ పన్నెండు రోజులకే వచ్చేసింది. జనవరి 22 ఉదయం ఇంజిన్‌ని ఎదురు దిశలో మండించి కక్ష్య నుంచి దింపారు. 9 గంటల 17 నిమిషాలకు 100 కిలోమీటర్ల ఎత్తున గాలిలోకి దూరేటప్పుడు దాని వేగం సెకనుకు 8 కిలోమీటర్లు. ఐదు కిలోమీటర్ల ఎత్తుకొచ్చేసరికి అది సెకనుకు 101 మీటర్లకు పడిపోయింది. ఆ ఎనిమిది వేల మీటర్ల వేగాన్ని వందకు దింపింది ఏ ఇంజినూ కాదు, ఒట్టి గాలి! పారాచూట్ల వంతు ఆ తర్వాతే. 9 గంటల 46 నిమిషాలకు శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతంలో దిగిన ఎస్‌ఆర్‌ఈని కోస్ట్‌గార్డు వెళ్లి పట్టుకొచ్చింది. మనిషిని పంపి వెనక్కి తెచ్చే గగన్‌యాన్ ఆలోచనకు తొలి మెట్టు అదే.

తోటి ప్రయాణికుడు కార్టోశాట్-2 మాత్రం పైనే ఉండిపోయి 2019 దాకా ఫొటోలు పంపింది. పని అయిపోయాక దాన్ని 635 కిలోమీటర్ల ఎత్తునే వదిలేస్తే, వాతావరణం దాన్ని దించడానికి ముప్ఫై ఏళ్లు పడుతుందని లెక్క. ముప్ఫై ఏళ్లు ఓ చచ్చిన ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో, ఎవరి మాటా వినకుండా, అందరి దారికీ అడ్డంగా తిరుగుతుందన్నమాట.

దాంట్లో మిగిలిన ఇంధనం 26 కిలోలు. దాంతో ఏకంగా కిందికి దించి కూల్చడం కుదరదు. అందుకని ఇస్రో కక్ష్య అంతటినీ దించకుండా, ఒక కొసను మాత్రం 380 కిలోమీటర్లకు దించింది. 2020 మార్చి నాటికి ఆ పని ముగిసింది. ఇక మిగతాదంతా గాలికి అప్పగింత. ప్రతి చుట్టులోనూ కింది కొసకు వచ్చినప్పుడల్లా కాస్త చిక్కటి గాలిలో మునిగి, కాస్త శక్తి పోగొట్టుకుని, పై కొస కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. 2024 ఫిబ్రవరి 14 మధ్యాహ్నం 3 గంటల 48 నిమిషాలకు హిందూ మహాసముద్రం మీద అది వాతావరణంలో కలిసిపోయింది. ముప్ఫై ఏళ్ల పనిని గాలి నాలుగేళ్లలో చేసిపెట్టింది, 26 కిలోల లంచానికి.

కొస తగ్గించే మంత్రం

కింది కొస గాలిలో మునిగితే పై కొస తగ్గుతుందన్నది మొదట వింటే తికమకగా ఉంటుంది. ఉయ్యాల బల్ల గుర్తుంటే తేలిక. ఊగే బల్లకు కిందికొచ్చినప్పుడల్లా కాలితో నేల రాసుకుంటూ ఉంటే, తగ్గేది కింది మట్టం కాదు, అటువైపు పైకి లేచే ఎత్తు. ఉపగ్రహమూ అంతే.

చంద్రయాన్-3ని 2023 జులై 14న పైకి తీసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ చివరి అంచె దీనికి చక్కటి ఉదాహరణ. వ్యోమనౌకను వదిలాక ఆ ఖాళీ అంచె తిరిగిన కక్ష్య పై కొస 35,823 కిలోమీటర్లు, కింది కొస 133 కిలోమీటర్లు. చూడ్డానికి చంద్రుడికి దారితీసే మహా కక్ష్య! కానీ చుట్టు చుట్టుకూ 133 కిలోమీటర్ల దగ్గర గాలి దాన్ని నాకుతూనే ఉంది. ఎవరూ చెయ్యి వేయకుండానే 124 రోజుల్లో, నవంబర్ 15న, అది ఉత్తర పసిఫిక్ మీద వాతావరణంలోకి వచ్చేసింది. మిగిలిన ఇంధనం పేలకుండా ముందే ఖాళీ చేసి ఉంచారు.

అక్కడ యాదృచ్ఛికంగా జరిగిందాన్నే వేరే గ్రహాల దగ్గర పనిగట్టుకుని చేస్తారు. 1993లో నాసా వారి ‘మెజెల్లాన్’ శుక్రుడి గాలిని డెబ్భై రోజులపాటు మెల్లగా రాసుకుంటూ, ఎనిమిది వేల కిలోమీటర్ల పైనున్న దూరపు కొసను ఆరొందల లోపుకు దించుకుంది. 2006లో అంగారకుడి దగ్గరికెళ్లిన ఎమ్‌ఆర్‌వో ఐదు నెలల్లో, 35 గంటల చుట్టును రెండు గంటల చుట్టుగా కుదించుకుంది. ఆ పని ఇంజిన్‌తో చేయాలంటే వందల కిలోల ఇంధనం భూమి నుంచే మోసుకెళ్లాలి. మోసేకొద్దీ రాకెట్ పెద్దదవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అంత ఇంధనం మిగిల్చిన గాలి, కాస్త ఏమరుపాటుగా ఉంటే కాల్చేస్తుంది కూడా. 1997లో అంగారకుడిని చేరిన గ్లోబల్ సర్వేయర్ సౌర ఫలకం ఒకటి ముందే దెబ్బతిని ఉంది. గాలి తాకిడికి అది ఊడిపోతుందేమోనని పైపైన రాసుకుంటూ దిగడంతో, నెలల్లో అవ్వాల్సిన పని 1999 దాకా సాగింది.

పల్నాటి మబ్బుల్ని చూసిన ‘మేఘ’

అన్నిసార్లూ గాలికే వదిలేయడం కుదరదు. మేఘా-ట్రాపిక్స్ కథే అందుకు సాక్ష్యం. పల్నాడుకూ దానికీ ఓ చుట్టరికం ఉంది.

భారత్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన ఈ టన్ను బరువు ఉపగ్రహం 2011 అక్టోబర్ 12న పీఎస్‌ఎల్‌వీ-సీ18 మీద శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఉష్ణమండలంలో మబ్బులూ వానలూ నీటి ఆవిరీ ఎలా నడుస్తాయో చూడటం దాని ఉద్యోగం. అందుకే మిగతా పరిశీలక ఉపగ్రహాల్లా ధ్రువాల మీదుగా కాకుండా, భూమధ్యరేఖకు ఇరవై డిగ్రీలు ఇటూ ఇరవై డిగ్రీలు అటూ ఉన్న పట్టీలోనే తిరిగింది. నరసరావుపేట, గురజాల, మాచర్ల... మూడూ పదహారు డిగ్రీల మీద చిల్లర దగ్గరున్నాయి. అంటే ఆ పట్టీ లోపలే. నాగార్జునసాగర్ మీద ముసిరే మబ్బును అది రోజుకు పలుమార్లు చూస్తుండేది. మూడేళ్లు బతికితే చాలనుకున్నది పదేళ్లు, 2021 దాకా సమాచారం పంపింది. మధ్యలో 2013లో మడ్రాస్ అనే పరికరం పడకేసినా మిగతావి పని కానిచ్చాయి.

పని అయిపోయింది. ఇప్పుడేం చేయాలి? అది తిరిగేది 867 కిలోమీటర్ల ఎత్తున. అక్కడి గాలి దాన్ని దింపాలంటే వందేళ్లు చాలవు. పైగా ట్యాంకులో 125 కిలోల ఇంధనం మిగిలి ఉంది. వందేళ్లలో ఎప్పుడైనా అది పేలితే? పేలితే ఏమవుతుందో ఇస్రోకు అనుభవమే. 2001 అక్టోబర్‌లో వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 నాలుగో అంచె, డిసెంబర్‌లో కక్ష్యలోనే పేలి 371 ముక్కలైంది. ఆ తర్వాతే మన రాకెట్లలో మిగిలిన ఇంధనాన్ని ఖాళీ చేయడం మీద పట్టుదల పెరిగింది.

పని ముగిసిన ఉపగ్రహాన్ని 25 ఏళ్లలోపు దించేయాలన్నది దేశాల మధ్య కుదిరిన ఓ పద్ధతి. చట్టం కాదు, తప్పితే శిక్షా లేదు. పైగా మేఘా-ట్రాపిక్స్‌ని ఇలా కూల్చేందుకు తయారుచేయలేదు. అయినా ఇస్రో పూనుకుంది. 2022 ఆగస్టు నుంచి ఇరవై దఫాలుగా ఇంజిన్లు మండించి దాన్ని మెట్టు మెట్టుగా దించింది. దిగే దారిలో అంతరిక్ష కేంద్రాలున్నాయి, వాటిల్లో మనుషులున్నారు. అందుకే ప్రతి కదలికకూ ముందు ఎవరికైనా దగ్గరగా వెళ్తుందేమోనని లెక్కలు వేసుకున్నారు.

2023 మార్చి 7. బెంగళూరులోని ఇస్ట్రాక్ కేంద్రం. సాయంత్రం 4 గంటల 32 నిమిషాలకు ఒకసారి, 6 గంటల 21 నిమిషాలకు మరోసారి నాలుగు చిన్న ఇంజిన్లనూ దాదాపు ఇరవై నిమిషాల చొప్పున మండించారు. ఒక్కో ఇంజిన్ తోపు 11 న్యూటన్లు, అంటే చేత్తో కిలో బరువు ఎత్తేంత. అంత చిన్న తోపుతో టన్ను ఉపగ్రహాన్ని, ఎంచుకున్న పసిఫిక్ మహాసముద్రపు నిర్జన ప్రాంతంలో పడేలా దించాలి! దగ్గరి కొస 80 కిలోమీటర్ల లోపుకు వచ్చింది. ఆ తర్వాత గాలి పని గాలి చేసింది. పెద్ద ముక్కలేవీ మిగలవని ముందే లెక్కగట్టారు. మన మబ్బుల్ని లెక్కగట్టిన యంత్రం, ఆఖరి సంకేతాలు పంపి, నడిసముద్రం మీద కాలిపోయింది.

కార్టోశాట్‌కు 26 కిలోల ఇంధనం, నాలుగేళ్ల ఓపిక. మేఘా-ట్రాపిక్స్‌కు 120 కిలోల ఇంధనం, ఏడు నెలలు. మొదటిది చవక, కానీ ఎక్కడ పడుతుందో చివరిదాకా కచ్చితంగా చెప్పలేరు. రెండోదానికి ఖర్చెక్కువ, కానీ చోటు మన చేతిలో ఉంటుంది. బరువైన ఉపగ్రహం అయితే రెండో దారే మేలు. స్కైలాబ్ నాటి రాత్రి ఏ పల్లెకూ మళ్లీ రాకూడదంటే ఆ ఖర్చు పెట్టాల్సిందే.

అలసంద మొలక... 95 రోజుల తోట

ఈ మధ్య ఇస్రో కనిపెట్టిన తెలివైన ఉపాయం ‘పోయెమ్’. పీఎస్‌ఎల్‌వీ నాలుగో అంచె ఉపగ్రహాన్ని వదిలాక ఒట్టి డొల్ల. ఆ డొల్లకే సౌర ఫలకాలూ పరికరాలూ తగిలించి కొన్నాళ్లు ప్రయోగశాలగా వాడుకుంటున్నారు. 2024 జనవరి 1న పీఎస్‌ఎల్‌వీ-సీ58 ఎక్స్‌పోశాట్‌ని 650 కిలోమీటర్ల దగ్గర వదిలింది. అక్కడే ఉంటే ఆ డొల్ల ఏళ్లతరబడి తిరిగేది. అందుకని ఇంజిన్‌ని మళ్లీ మండించి 350 కిలోమీటర్లకు దించారు. అక్కడ ప్రయోగాలు నడుస్తుండగానే గాలి తన పని మొదలుపెట్టింది. 80 రోజులు తిరిగి మార్చి 21న ఉత్తర పసిఫిక్ మీద అది వాతావరణంలోకి వచ్చింది. ఆ ప్రయోగం కక్ష్యలో దాదాపు చెత్తే మిగల్చలేదని ఇస్రో ప్రకటించింది.

2024 డిసెంబర్ 30న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 డొల్ల పోయెమ్-4 కూడా అంతే. అందులో ఓ చిన్న పెట్టెలో ఎనిమిది అలసంద గింజలు పంపారు. కొన్ని ఊళ్లలో బొబ్బర్లంటారే, అవే. నాలుగు రోజుల్లో మొలకలెత్తి, ఆ తర్వాత ఆకులు కూడా వేశాయి. 350 కిలోమీటర్ల ఎత్తున తిరిగిన ఆ తోటను 2025 ఏప్రిల్ 4 ఉదయం గాలి కిందికి లాగేసింది. పడింది హిందూ మహాసముద్రంలో. మొత్తం ఆయుష్షు 95 రోజులు.

2030 నాటికి భారతీయ ప్రయోగాలన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, చెత్త మిగల్చకుండా సాగాలన్న లక్ష్యాన్ని 2024 ఏప్రిల్‌లో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ప్రకటించారు. హైదరాబాద్‌లో స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి కంపెనీలు పుట్టుకొస్తున్న కాలంలో ఈ మాట తెలుగువాళ్లకు దూరపుది కాదు.

అయితే గాలి చీపురుకు అందే ఎత్తు కొంతే. ఐదొందల కిలోమీటర్ల లోపు అది కొన్నేళ్లలో ఊడ్చేస్తుంది. ఏడెనిమిది వందలు దాటితే తరాలు పడుతుంది. వెయ్యి దాటితే శతాబ్దాలే. 36 వేల కిలోమీటర్ల దగ్గరుండే టీవీ ఉపగ్రహాలకైతే గాలి ఊసే లేదు. వాటిని కిందికి దించలేక, పని అయ్యాక ఇంకాస్త పైకి తోసి వదిలేస్తారు.

2017లో శ్రీహరికోట నుంచి వెళ్లిన పావురాల్లో చాలావరకు ఇప్పటికే గాలిలో కలిసిపోయాయి. తమను వరసలో నిలబెట్టిన గాలే చివరికి వాటిని లాక్కుంది. 2001లో పేలిన ఆ పాత డొల్ల ముక్కల్ని కూడా గాలి ఒక్కొక్కటిగా దింపుతూనే ఉంది. 371లో ఎక్కువ భాగం కాలిపోయాయి. కొన్ని పదుల ముక్కలు మాత్రం ఇరవై ఏళ్లు దాటినా ఇంకా పైనే తిరిగాయి. ఏ ముక్క ఎప్పుడు దిగుతుందో చూడటానికి శ్రీహరికోటలో రాడార్ ఒకటి ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది.